గురకతో సరిచూసిన గడియారం

"పదివేల కిలోమీటర్లు! అక్షరాలా పదివేల కిలోమీటర్లు! భూగోళానికి ఆ కొసన ఉన్న విమానాశ్రయం నుంచి ఈ కొసన ఉన్న విమానాశ్రయం దాకా, పన్నెండు గంటలపాటు, కాలు నేల మీద మోపకుండా ప్రయాణించి వచ్చిన మహనీయుడు మన డైరెక్టరుగారు! అలాంటి శరీరానికి విశ్రాంతి ఇవ్వడం మన బాధ్యత మాత్రమే కాదు, మన భాగ్యం!"

సోమవారం పొద్దున తూనికలు, కొలతల శాఖ ప్రధాన కార్యాలయంలో డిప్యూటీ డైరెక్టరుగారు ఇలా సెలవిచ్చారు. సిబ్బంది చప్పట్లు కొట్టబోతే వేలితో వారించి, అరచేతులు తగలకుండా కొట్టమన్నారు. పక్కగదిలో ఆ మహనీయ శరీరం నిద్రపోతోంది మరి!

ఈ శాఖ గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఊళ్లో ఏ కొట్టులో తక్కెడ ఆవగింజంత అటూ ఇటూ అయినా, ఏ బంకులో పెట్రోలు చెంచాడు తగ్గినా, ఈ శాఖవారు వెళ్లి వాళ్ల చెవులు మెలేసి, పరికరాన్ని సరిచేసి, దానికి సీసపు సీలు బిగించి వస్తారు. సీలు పడ్డాక ఆ పరికరం చెప్పిందే నిజం. దాన్ని ముట్టుకుంటే నేరం. ఇంత నిక్కచ్చి శాఖ గనకనే, 'ఖచ్చితమైన కొలత' అనే విషయం మీద దూరదేశంలో ప్రపంచ మహాసభ జరిగితే డైరెక్టరుగారు స్వయంగా వెళ్లి, వారం రోజులు ఖచ్చితంగా భోంచేసి వచ్చారు.

"దూరం వెళ్తే అక్కడి గడియారం వేరు, మన గడియారం వేరు. వాళ్లకి రాత్రయితే మనకి పగలు. దాంతో ఒంటికి వేళాపాళా తెలియకుండా పోతుంది. దీన్నే జెట్ లాగ్ అంటారు," అని డిప్యూటీగారు వివరించారు. "గాల్లో గడిపిన గంటకి ఒక రోజు చొప్పున, డైరెక్టరుగారికి పన్నెండు రోజుల జెట్ లాగ్ నేను నిర్ణయించాను. అయినా ఆయన సెలవు పెట్టలేదు! రోజూ ఆఫీసుకే వచ్చి పడుకుంటానన్నారు. కర్తవ్యదీక్ష అంటే అదీ!"

వెనక వరసలో నిలబడ్డ ఇన్వార్డమ్మ గబగబా వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

ఇన్వార్డమ్మ అంటే గుమ్మం పక్కన ఇన్వార్డు బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా. ఆమెకి అసలు పేరొకటి ఉంది గానీ అది హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలీదు. ఏ కాగితమైనా ఆమె చేతి గుండ్రటి ముద్ర పడితేనే, అందులో తేదీ, టైము ఉంటేనే ఆఫీసు దృష్టిలో పుట్టినట్టు. ముద్ర లేని కాగితం అసలు లేనే లేదు!

ఆమె గోల ఆమెది. భర్త సొంతూళ్లో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. ఏడేళ్ల కూతురు అత్తగారి దగ్గర పెరుగుతోంది. శనివారం సాయంత్రం బస్సెక్కితే ఆరు గంటలు. ఆదివారం రాత్రి మళ్లీ అదే బస్సు, మళ్లీ ఆరు గంటలు. సోమవారం పొద్దున బస్టాండు నుంచి తిన్నగా ఇన్వార్డు బల్ల. అలా రెండేళ్లు నలిగాక ఆ ఊరి బ్రాంచిలో ఒక ఖాళీ వచ్చింది. బదిలీ ఫైలు అందరి సంతకాలూ మోసుకుని డైరెక్టరుగారి బల్ల మీదికి చేరింది. ఈ నెలాఖరులోగా ఆయన సంతకం పడకపోతే ఆ ఖాళీ ఇంకొకరి పాలవుతుంది. నెలాఖరుకి పది రోజులుంది. జెట్ లాగేమో పన్నెండు!

ఆమె ధైర్యం కూడగట్టుకుని చెయ్యెత్తింది.

"సార్, డైరెక్టరుగారు కాస్త మెలకువగా ఉన్నప్పుడు ఒక్క సంతకం..."

"ఏమ్మా, మనిషివేనా నువ్వు? పదివేల కిలోమీటర్లు!"

"నేను కూడా రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాను సార్."

"బస్సు నేల మీద పోతుందమ్మా!" అన్నారు డిప్యూటీగారు జాలిగా. "నేల మీద పోయేవాళ్లకి నిద్ర రాదు. వస్తే అది బద్ధకం. ఆ సంగతి నీకు పోయిన నెలలోనే రాతపూర్వకంగా తెలియజేశాం కదా?"

తెలియజేశారు. ఒక సోమవారం ఆమె బల్ల మీద ఓ అయిదు నిమిషాలు కునికితే, 'పని వేళల్లో నిద్రించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను' అని మెమో ఇచ్చారు. ఆ మెమోకి ముద్ర కూడా ఆమె చేతే వేయించారు.

ఆ రోజు నుంచి ఆఫీసు స్వరూపమే మారిపోయింది. కిటికీలకి నల్లటి తెరలు దిగాయి. వరండాలో అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లినడకలు నడిచారు. టెలిఫోను గంటకి ఎవరో తువ్వాలు చుట్టారు. పనులమీద వచ్చిన జనానికి, "డైరెక్టరుగారు ఇంకా మానసికంగా ఆకాశంలోనే ఉన్నారు, వచ్చే వారం రండి," అని చెప్పి పంపించేవారు.

బుధవారానికల్లా డిప్యూటీగారికి కూడా జెట్ లాగ్ పట్టుకుంది. విమానాశ్రయానికి ఎదురెళ్లి పూలగుత్తి ఇచ్చినప్పుడు సోకిందట! గురువారం హెడ్డుగుమాస్తాకి వచ్చింది. ఆయన విమానాశ్రయానికి కూడా వెళ్లలేదు. డైరెక్టరుగారి పెట్టె మోసిన డ్రైవరుతో కలిసి టీ తాగాడంతే. ఆవలింతల్లోనూ హోదాలుండేవి. డిప్యూటీగారు నోరు పూర్తిగా తెరిచేవారు. హెడ్డుగుమాస్తా సగం తెరిచి, పైవారికి అగౌరవం కాకుండా చేత్తో మూసుకునేవాడు. ఇన్వార్డమ్మ మాత్రం నిజంగా వచ్చిన ఆవలింతల్ని నోరు బిగించి మింగేసేది. మెమో అందుకున్న మనిషి కదా!

శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరుగారు ఓ పది నిమిషాలు కళ్లు తెరిచి, ఆ దూరనగరం నుంచి తెచ్చిన కానుకని ఆఫీసుకి బహూకరించారు. అది గోడగడియారం. గుండ్రంగా, నీలంగా, అక్కడి విమానాశ్రయం బొమ్మతో ముచ్చటగా ఉంది.

"దీన్ని మన గడియారం పక్కన తగిలించండి," అన్నారు. "అక్కడ ఎంతయిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంటుంది." అని మళ్లీ కళ్లు మూశారు.

ఇన్వార్డు బల్లకి ఎదురుగా మేకు కొట్టి తగిలించారు. అందరూ తలలెత్తి చూశారు. మన గడియారంలో ఒంటిగంట. ఆ గడియారంలోనూ ఒంటిగంటే!

"రెండూ ఒకటే చూపిస్తున్నాయేంటి సార్?" అంది ఇన్వార్డమ్మ. ఎదురుగా ఉంటే కనబడదా మరి!

డిప్యూటీగారు గడియారాన్ని చూశారు. లోపల గురక పెడుతున్న డైరెక్టరుగారిని తెర సందులోంచి చూశారు. రెంటిలో ఏది తప్పయి ఉంటుందో తేల్చుకోడానికి ఆయనకి క్షణం పట్టలేదు.

"పన్నెండు గంటలు పెట్టెలో ఊగుతూ వచ్చింది కదా. గడియారానికి కూడా జెట్ లాగ్ వచ్చింది," అన్నారు. "సరిచేయాలి."

ఎంతకి సరిచేయాలన్నది ప్రశ్న. అక్కడికి ఫోన్ చేసి అడగొచ్చు. అట్లాసు తీసి చూడొచ్చు కూడా. చూస్తే ఆ నగరం మనకి సూటిగా దక్షిణాన ఉందనీ, తూర్పుకో పడమరకో పోకుండా ఎంత దూరం దిగినా పొద్దు మారదు గనక గడియారమూ మారదనీ తెలిసేది. కానీ కొలతల శాఖవారికి కొలిచే పద్ధతులకి కొదవా?

"మనిషికి గాఢనిద్ర పట్టేది తెల్లవారుజామున నాలుగింటికి," అన్నారు డిప్యూటీగారు. "డైరెక్టరుగారి గురక ఇప్పుడు పతాకస్థాయిలో ఉంది. అంటే ఆయన ఒంటి లెక్కన అక్కడ ఇప్పుడు నాలుగు!"

అందరూ చెవులు రిక్కించి గురక విన్నారు. హెడ్డుగుమాస్తా అది నాలుగే గానీ మూడున్నర కాదని ధ్రువీకరించాడు. ఇన్‌స్పెక్టరు స్టూలెక్కి ముల్లు తొమ్మిది గంటలు వెనక్కి తిప్పాడు. తిప్పినవాడు ఊరుకోకుండా, అలవాటు కొద్దీ జేబులోంచి తీగా సీసమూ తీసి శాఖ సీలు బిగించేశాడు. ఇక ఆ గడియారాన్ని ముట్టుకుంటే నేరం.

ఆ శనివారం ఇన్వార్డమ్మ ఊరెళ్లలేదు. ఆదివారం పొద్దున్నే డైరెక్టరుగారి ఇంటికి వెళ్లి బతిమాలుకుందామని ఆగిపోయింది. ఫోన్లో కూతురు ఏడ్చింది.

"వస్తానని చెప్పి రాలేదేంటమ్మా? ఇంకెన్ని శనివారాలు ఇలా?"

"ఒక్కటంటే ఒక్క సంతకం తల్లీ. అది అవగానే వచ్చేస్తా."

"సంతకం పెట్టడం అంత కష్టమా? నేను పెట్టనా?"

ఇన్వార్డమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోను అత్తగారు అందుకుంది. "పిల్ల సంగతి నే చూసుకుంటాలేవే. నువ్వు మాత్రం ఆ పని కానిచ్చుకురా," అని ధైర్యం చెప్పింది.

డైరెక్టరుగారి ఇంటి ముందు ఆయన శ్రీమతి మొక్కలకి నీళ్లు పోస్తూ, గోడ అవతలికి వినబడేలా మాట్లాడుతోంది. "అబ్బే, ఇంకా లేవలేదండీ! పన్నెండు గంటల ప్రయాణమంటే మాటలా!"

ఇన్వార్డమ్మని చూసి గొంతు తగ్గించింది. "ఎందుకొచ్చావమ్మాయ్?"

"ఒక్క సంతకమండీ. మా పాపకి నేను..."

"ఇప్పుడు ఈయన లేస్తే మా పరువేం కావాలి? పక్కింటాయన ఎక్కడికో రెండు గంటల విమానం ఎక్కొచ్చి మూడు రోజులు పడుకున్నాడు. మావారు పన్నెండు గంటలు! ఈ లెక్కన ఇంకా తక్కువే పడుకుంటున్నారు."

సరిగ్గా అప్పుడే గాలికి కిటికీ తెర తొలగింది. లోపల డైరెక్టరుగారు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, పొట్ట నిండా ఫలహారం చేస్తున్నారు. ఇన్వార్డమ్మ కళ్లూ ఆయన కళ్లూ కలిశాయి. మరుక్షణం ఆ మహానుభావుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్లు మూసి గురక మొదలుపెట్టారు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది!

ఇన్వార్డమ్మకి ఒళ్లు మండిపోయింది. నెలాఖరు ముంచుకొస్తోంది, అరిచినా లాభం లేదు. నమస్కారం పెట్టి వచ్చేసింది.

మరోపక్క డిప్యూటీగారు ఘనకార్యం ఒకటి తలపెట్టారు. ఆ దూరనగరపు కొలతల సంస్థ అధ్యక్షురాలితో వీడియో తెర మీద ముఖాముఖి సమావేశం! 'మీ టైము ప్రకారం బుధవారం పొద్దున పదింటికి' అని ఆవిడకి కబురు పెట్టారు. సీలు గడియారం ప్రకారం అక్కడ పొద్దున పదయితే మనకి సాయంత్రం ఏడు. కాబట్టి ఏర్పాట్లన్నీ సాయంత్రానికి.

బుధవారం పొద్దున్నే కమిషనరుగారి కారు వచ్చి ఆగింది. కమిషనరంటే డైరెక్టరు పైవాడు. సమావేశం ఏర్పాట్లు చూడ్డానికని పైకి చెప్పారు గానీ, ఆయన బాధ వేరు. పోయినేడాది ఆయన కూడా ఆ నగరానికే వెళ్లొచ్చి పది రోజులు జెట్ లాగ్ తీసుకున్నారు. తన కింద పనిచేసేవాడు పన్నెండు రోజులు తీసుకోవడమా! ఎంత పొగరు! దాన్ని తొమ్మిదికి తగ్గించడానికి వచ్చారాయన.

"ఒకే ఊరు, ఒకే దూరం. నాకు పది, నీకు పన్నెండా?" అని హాల్లో నిలబెట్టి అడుగుతున్నారు. డైరెక్టరుగారు కళ్లు నులుముకుంటూ నీళ్లు నములుతున్నారు. సరిగ్గా అప్పుడు గోడ మీది పెద్ద వీడియో తెర గణగణ మోగింది. ఇంకెవరికీ దాన్ని ముట్టుకోవడం చేతకాదు గనక ఇన్వార్డమ్మ వెళ్లి మీట నొక్కింది.

తెర నిండా ఒక పెద్దావిడ. ఆవిడ వెనక కిటికీలో ఎండ పెళపెళలాడుతోంది. గోడ మీద గడియారం పది కొడుతోంది.

"శుభోదయం! చెప్పినట్టే మా టైము ప్రకారం పదింటికి వచ్చాను," అంది ఆవిడ ఇంగ్లీషులో, చక్కగా నవ్వుతూ. "మీకూ పదే కదా! మన రెండు ఊళ్లకీ ఒకే గడియారం కావడం ఎంత సుఖం! మీ డైరెక్టరుగారు ఇక్కడున్న వారం రోజులూ అదే మాట. ఇంట్లో ఉన్నట్టే వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, ఏ ఇబ్బందీ లేదు అని. పోయినేడాది కమిషనరుగారూ అలాగే అన్నారు. అరె, ఇద్దరూ అక్కడే ఉన్నారే! అంత చీకటిగా ఉందేం? తెరలు తీయరూ?"

హాల్లో ఎవరి ముఖాన చూసినా కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. హెడ్డుగుమాస్తా నోరు సగం ఆవలింతలో ఆగిపోయింది. డిప్యూటీగారు మాత్రం పోయి ఆ వీడియో తెర వైరు పీకేశారు. "సాంకేతిక లోపం," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

కమిషనరుగారు డైరెక్టరుగారిని చూశారు. డైరెక్టరుగారు కమిషనరుగారిని చూశారు. ఒకరి నిద్ర అబద్ధమైతే ఇంకొకరిదీ అబద్ధమే. పన్నెండా, పదా అన్న తగువు ఆ చూపుల్లోనే సమసిపోయింది.

కమిషనరుగారు గొంతు సవరించుకున్నారు. వరండాలోకి నడిచి, ఇన్వార్డు బల్లకి ఎదురుగా జంటగా వేలాడుతున్న గడియారాల ముందు ఆగారు. ఒకదాంట్లో పదింబావు. ఇంకోదాంట్లో ఒంటిగంటంబావు.

"ఆ నీలం దాని మీద సీలెవరిది?"

"మన శాఖదే సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మన సీలు ఎప్పుడైనా తప్పయిందా?"

"శాఖ పుట్టాక అవలేదు సార్."

"అయితే అక్కడ ఇప్పుడు రాత్రి ఒంటిగంటంబావు. ఇందులో సందేహం లేదు. రెండు ఊళ్లకీ ఒకే గడియారమని ఆవిడ అన్నది. పెద్దమనిషి, అబద్ధం ఎందుకాడుతుంది? అందులోనూ సందేహం లేదు. మరి తేలిందేమిటి?"

డిప్యూటీగారి ముఖం మతాబాలా వెలిగింది.

"మన గడియారమే తొమ్మిది గంటలు ముందుంది సార్! మనం ఇన్నాళ్లూ అర్ధరాత్రి పూట ఆఫీసు నడుపుతున్నాం!"

"అందుకే అందరికీ నిద్రొస్తోంది!" అన్నారు డైరెక్టరుగారు ఉద్వేగంగా. ఈ పది రోజుల్లో ఆయన అంత మెలకువగా ఉన్నది అప్పుడే. "మాది జెట్ లాగ్ కాదు సార్. న్యాయమైన రాత్రి నిద్ర!"

"పోయినేడాది నాదీ అంతే," అన్నారు కమిషనరుగారు తృప్తిగా. "వెంటనే మన గడియారాన్ని సీలు గడియారంతో సరిచేయండి."

ఇన్‌స్పెక్టరు స్టూలు కోసం పరిగెత్తాడు. అంతా ఊపిరి పీల్చుకున్న ఆ సమయంలో ఇన్వార్డమ్మ నోరు ఊరుకోలేదు. పదిరోజులుగా మింగిన ఆవలింతలన్నీ కలిసి మాటై బయటపడ్డాయి.

"అయితే సార్, ఆ సోమవారం నేను కునికింది కూడా రాత్రే కదా సార్? మరి మెమో ఎందుకిచ్చారు?"

స్టూలు మోసుకొస్తున్న ఇన్‌స్పెక్టరు అక్కడే ఆగిపోయాడు.

"ఎవరీమె?" అన్నారు కమిషనరుగారు.

"ఇన్వార్డు గుమాస్తా సార్," అన్నారు డైరెక్టరుగారు. ఆయనకి కిటికీ తెర, పళ్లెం, నోట్లో ముద్ద ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "చాలా... చాలా చూసే మనిషి సార్."

"ఇలాంటి మనిషి ప్రధాన కార్యాలయంలో ఉండొచ్చా?"

"ఉండకూడదు సార్! బదిలీ ఫైలు సిద్ధంగా ఉంది సార్!"

పది రోజులు ఎత్తలేని కలాన్ని డైరెక్టరుగారు ఒక్క దూకులో ఎత్తారు. సంతకం ముత్యంలా వచ్చింది.

"ఈ క్షణమే బయల్దేరాలి," అన్నారు డిప్యూటీగారు ఆర్డరు చేతిలో పెడుతూ. "బదిలీమీద వెళ్లేవాళ్లకి మామూలుగా ఇచ్చే ఒక రోజు విశ్రాంతి నీకు లేదు. ఎంతా, బస్సులో ఆరు గంటలేగా!"

ఇన్వార్డమ్మ ఆ మాట వినడం లేదు. ఆమె కళ్లు స్టూలు మీద ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు ఎక్కేశాడు. ముల్లు తిరిగిందంటే ఈ ఆఫీసుకి అర్ధరాత్రవుతుంది. అర్ధరాత్రి పడ్డ ముద్ర చెల్లదు. ముద్ర లేకపోతే ఈ ఆర్డరు పుట్టనే లేదు! ఒక్క అంగలో బల్ల చేరి, గుండ్రటి ముద్రని సిరాలో అద్ది, ధన్‌మని కొట్టింది. 'ఉదయం 10.20'.

అప్పుడు తిరిగింది ముల్లు. ఆఫీసుకి రాత్రి ఒంటిగంటా ఇరవై అయింది. అందరూ ఒకరికొకరు గుడ్‌నైట్ చెప్పుకుని, నెత్తిన ఎండ మాడ్చేస్తుంటే చేతులు అడ్డం పెట్టుకుంటూ పడుకోడానికి ఇళ్లకి వెళ్లిపోయారు. గేటు ముందు పనులమీద వచ్చిన జనం మాత్రం తెల్లారేదాకా ఆగాలని అర్థం కాక అలాగే నిలబడ్డారు.

ఇన్వార్డమ్మ బస్సెక్కి, ఆరు గంటలూ నోరు తెరుచుకుని ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఎవరూ మెమో ఇవ్వలేదు.

గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే కూతురు చేతిలో పలక పడేసి పరిగెత్తుకొచ్చి నడుముని కరుచుకుపోయింది. తర్వాత తలెత్తి అనుమానంగా చూసింది.

"ఇవాళ బుధవారం కదమ్మా? శనివారం ఎప్పుడైంది?"

"మా ఆఫీసువాళ్లు తలుచుకుంటే ఎప్పుడైనా అవుతుంది తల్లీ," అంది ఇన్వార్డమ్మ.